అర పాయింటు సాక్ష్యం

నా బామ్మర్ది దయాసాగర్ బాగుపడటం చూసి నాకు కడుపు మండిపోయింది. చెప్పుకుంటే సిగ్గే, కానీ నిజం.

ఉదయగిరిలో ఇద్దరం ఒకే పంచలో చెక్క స్పూన్లు చెక్కుతాం. పొద్దున కూర్చుంటే సాయంత్రానికే లేవడం. వేసవిలో ఆత్మకూరు డాక్టరు రక్తపరీక్ష చేయిస్తే, సీఆర్‌పీ అనేది నాకు నాలుగు, వాడికి అయిదు వచ్చింది.

"ఇది పైకి కనపడని వాపు, ఒకటి దాటకూడదు. రక్తనాళాల్లో ఏళ్ల తరబడి ఉంటే గుండెకు ముప్పు. రాసిచ్చిన మందులు మానొద్దు, రోజూ నడవండి, మూడు నెలలకు మళ్లీ చూద్దాం" అన్నాడు డాక్టరు.

దయాసాగర్ మర్నాటి నుంచే కొండదారి పట్టాడు. నేను పట్టలేదు. వాడి వెనక నేను నడవడమేంది? మందులు కూడా వారానికే మానేశాను.

మూడు నెలలకు వాడికి ఒకటికి దిగింది. ఆ ఆదివారం చర్చిలో లేచి, దేవుడి దయతో నడిచి తగ్గించుకున్నానని సాక్ష్యం చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. నా భార్య సారా "మా తమ్ముడు ఎంత పట్టుదల మనిషో" అని ఇంటికొచ్చిందాకా అదే పాట. నాకు అన్నం సయించలేదు.

తర్వాతి ఆదివారం నేనూ లేచాను. "నాకు అర పాయింటుకు దిగింది. ఒక్క అడుగు నడవలా, ఒక్క మాత్ర మింగలా. ప్రార్థన చేసినాను, అంతే!" అన్నాను. పరీక్ష మాట దేవుడెరుగు, నేను ఆత్మకూరు బస్సే ఎక్కలేదు. సంఘం ఇంకా గట్టిగా స్తోత్రం అంది. సారా నా వైపు మురిపెంగా చూసింది.

సోమవారం దయాసాగర్ నడకకు పోలేదు. "నాకు విశ్వాసం తక్కువ బావా, కాళ్లను నమ్ముకున్నాను. ఇంక నడకా వద్దు, మందులూ వద్దు" అంటూ నా పక్కన కూర్చున్నాడు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో! వాడి పొట్ట పెరుగుతుంటే ఓరకంట చూసి సంతోషించాను కూడా.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం చర్చి మెట్ల మీద వాడు ఆగిపోయాడు. చెయ్యి రొమ్ము మీద, మొహమంతా చెమట.

"ఏందిరా? పద, ఆత్మకూరు పోదాం."

"వద్దు బావా. నీ మాదిరే ప్రార్థన చేసుకుంటా ఉండా. తగ్గిపోతాది."

ఎంత లాగినా కదల్లేదు. చుట్టూ సంఘం, పక్కన సారా.

"నేను చెప్పింది అబద్ధంరా!" అని అరిచాను. "పరీక్షే చేయించుకోలా. నిన్ను చూసి ఓర్వలేక చెప్పినాను. లేరా!"

వాడు నన్నొకసారి చూసి ఆటో ఎక్కాడు.

ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు ఆత్మకూరులో. వార్డు బయట సారా ఏడుస్తూ ఉంది. పక్కన కూర్చున్నాను. "నేనూ మందులు మానేసి అయిదు నెలలైంది సారా. నాకేమన్నా అయితే?" అన్నాను.

ఆమె వార్డు తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు. "ముందు వాణ్ని లేవనీ" అనింది.

అంతా చేసి కూడా, ఆ మాటకు మళ్లీ వాడి మీదే కుళ్లుకున్నాను.