పక్షుల వాటా

గురమ్మ గంపను నెత్తికెత్తుకోబోతుంటే వెంకటరావు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"దించు. అది పక్షుల వాటా," అన్నాడు.

తెల్లవారుజామున వేసిన వలలో పడవ వాళ్లకు మిగిలింది ఆ ఒక్క గంపెడు నెత్తళ్లే. వారం నుంచీ సముద్రం మొహం చాటేసింది. ఉన్నది పంచుకుంటే మనిషికి పిడికెడు కూడా రాదని, మెరక ఊళ్లకు పట్టుకెళ్లి చోళ్లకు, అదే రాగులకు, మార్చుకు రమ్మని, పడవ వాళ్లంతా కలిసి గంపను గురమ్మకు అప్పగించారు. ఆమె ఇంటి పొయ్యిలో రెండు రోజులుగా పిల్లి లేవలేదు. ఎండ ముదరకముందే రైతుల గడపల్లోకి చేరితే కుంచెడు చోళ్లు కొలుస్తారు, రాత్రికి పిల్లలకు ఇంత అంబలి దొరుకుతుంది. ఎండ ముదిరితే నెత్తళ్లు మెత్తబడతాయి. మెత్తబడ్డ చేప మొహం ఎవరూ చూడరు.

ఆ ఊళ్లో వాటా అంటే దేవుడి మాటంత. పడవకొక వాటా, వలకొక వాటా. రెండూ రాజాం వర్తకుడు వెంకటరావువే గనక ఆ రెండు వాటాలూ ఆయనకే చెల్లుతాయి. మిగిలింది వేటకు వెళ్లినవాళ్లది, ఆ గంపెడూ అలా మిగిలిందే. పక్షులకు కూడా వాటా ఉంటుందని ఆ శీతాకాలం దాకా ఎవరూ వినలేదు.

కిందటేడు ఈ ఒడ్డుకు ఎదురుగా తిమింగలం కనబడిందని పత్రికలో పడింది. అది చదివిన వెంకటరావు పట్నాల నుంచి టిక్కెట్టు మీద జనాన్ని తెచ్చి, పడవలో తిప్పి, తిమింగలాన్నీ సముద్రపు పక్షుల్నీ చూపించడం మొదలుపెట్టాడు. తిమింగలం ఎవరి మాటా వినదు. పక్షులు మాత్రం చేపలు విసిరితే వింటాయి. పడవ చుట్టూ తెల్లగా మూగి టిక్కెట్టు కొన్నవాళ్లను సంతోషపెడతాయి. తెడ్లు వేసినవాళ్ల కూలి సంగతి నెలాఖరుకు చూద్దామన్నాడు ఆ మహానుభావుడు. ఏ నెలాఖరో చెప్పలేదు.

"బాబూ, ఇయ్యాల మాకు దక్కిందే ఇది. ఐదిళ్లోళ్లు దీని మీదే కళ్లెట్టుకు కూకున్నారు," అంది గురమ్మ.

"రోజూ మీరే తింతన్నారు గదే. ఒక్కరోజు అవి తింతే ఏటి పోతాది?"

టిక్కెట్టు కొని వచ్చి గొడుగు కింద నిలబడ్డ ఇంజనీరు గారి భార్య పార్వతీదేవి కల్పించుకుంది. "పాపం, మూగజీవాలు కదమ్మా. వాటికీ ఆకలేస్తుంది," అంది ఎంతో ప్రేమగా. మూగజీవాలను ప్రేమించడంలో ఒక సుఖముంది. అవి తిరిగి అడగవు.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సీతారామారావు, వచ్చినవాళ్లకు వివరించడానికి, అప్పటికే మైకు గొట్టం నోటికి ఆనించుకున్నాడు. "పక్షులు మన సముద్ర సంపద. మత్స్యకారులు వీటిని శత్రువులుగా చూడరాదు," అన్నాడు. గురమ్మ ఏనాడూ ఒక పక్షి మీద గులకరాయి కూడా వేసిన మనిషి కాదు. ఆయన ఎవరికి బుద్ధి చెబుతున్నాడో ఆమెకు తెలియలేదు.

వెంకటరావు కనుసైగ చేశాడు. గురమ్మ మొగుడు అసిరయ్య వచ్చి, పెళ్లాం మొహం చూడకుండా, గంపను తీసుకెళ్లి పడవలో పెట్టాడు. గురమ్మ వెనకాలే నడిచింది.

"ఆగే. పడవ ముట్టకు," అన్నాడు జోగయ్య. అతను పడవను నడిపించే తండేలు, అసిరయ్యకు చిన్నాన్న.

ఆ ఊరి ఆడది పడవెక్కకూడదు. తగిలితేనే మైల, వేట పడదు. కాపురానికి వచ్చిన కొత్తలో గురమ్మ తెలియక పడవకు ఆనుకుని నిలబడితే, ఈ జోగయ్యే పంచాయితీ పెట్టి ఆమె చేత పడవంతా పసుపు నీళ్లతో కడిగించాడు. ఇప్పుడు పార్వతీదేవి చెప్పులతో పడవెక్కుతుంటే ఆ జోగయ్యే చెయ్యి అందిస్తున్నాడు. టిక్కెట్టు కొన్న ఆడవాళ్లకు మైల లేదని వెంకటరావు చెప్పాడు. అమ్మోరు కూడా సరేనంది కాబోలు.

గురమ్మకు ఒళ్లు మండిపోయింది. చీర పైకి దోపుకుని, నీళ్లలోకి దిగి, పడవ అంచు పట్టుకుని ఎక్కేసింది. గంపను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఒడ్డున ఉన్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

"దిగే, నీకు దండవెడతాను," జోగయ్య చేతులు జోడించాడు. "వేట నాశినవైపోతాది."

"పడ్డదాన్ని పచ్చులకెయ్యడానికి వేటెందుకు మావా?"

జోగయ్య తల తిప్పి వెంకటరావు వైపు చూశాడు. వెంకటరావు టిక్కెట్టు కొన్నవాళ్ల మొహాలు చూశాడు.

"కూకోనీండి. పడవ నాది. మైల లేదని నాను సెప్తన్నాను. తొయ్యండి," అని, గొంతు తగ్గించి నవ్వాడు. "అల మీదకెల్తే గంప అదే ఒగ్గేస్తాది."

కెరటాలు దాటేటప్పుడు గురమ్మ ఖాళీ కడుపులోంచి చేదునీళ్లు ఒంటి మీదే పడ్డాయి. పార్వతీదేవి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగింది. గురమ్మ చేతులు గంపను వదల్లేదు.

ఒడ్డు సన్నబడ్డాక సీతారామారావు కేక పెట్టాడు. నల్లటి వీపు ఒకటి నీటి మీదికి లేచి, పొగలాగా నీళ్లు చిమ్మి, మెల్లగా మునిగింది. అందరూ ఒకపక్కకు ఒరిగి చప్పట్లు కొట్టారు. గురమ్మ తల తిప్పలేదు. అది దాని తిండి కోసం వచ్చింది, తను తన తిండి కోసం వచ్చింది. చూడటానికి ఏముంది?

తిమింగలం మళ్లీ లేవలేదు. పక్షులు పైపైనే తిరుగుతున్నాయి.

"చేపలు వెయ్యమ్మా, దగ్గరికొస్తాయి," అంది పార్వతీదేవి.

"నానెయ్యను."

వెంకటరావు మొహం మాడిపోయింది. "ఒరే అసిరయ్యా, దాని సేతిలోంచి ఆ గంప లాగు."

అసిరయ్య తెడ్డు ఆపాడు.

"పొద్దున్న లాగినాను బాబూ. ఆ సిగ్గు సాలు. ఇంక లాగను," అన్నాడు. తెడ్డును లోపలికి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

వెనక కూర్చున్నవాడు కూడా తెడ్డు ఎత్తేశాడు. తరవాత ఆ పక్కవాడు. జోగయ్య మొహం ఒడ్డు వైపు తిప్పుకున్నాడు. పడవ అలలకు అడ్డం తిరిగి ఊగడం మొదలుపెట్టింది. సీతారామారావు గొట్టం పక్కన పెట్టి కర్ర అంచును గట్టిగా పట్టుకున్నాడు.

పడవ వెంకటరావుది. వల కూడా ఆయనదే. తెడ్డు వెయ్యడం మాత్రం ఆయనకు రాదు.