దానవాయిపేటలో ఒక పూట భోజనం

మా ఆయన సూర్యప్రకాశం గారు సామర్లకోటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతారు. కాలేజీలో మార్కులు ఎలా వేస్తారో నాకు తెలియదు గానీ, కంచం ముందు కూర్చుంటే మాత్రం ఒక్క మార్కు వెయ్యరు. పప్పులో ఉప్పు తగ్గింది, పులుసులో బెల్లం ఎక్కువైంది, చారు చల్లారిపోయింది, అన్నం పలుకైంది. పోనీలే అని మర్నాడు మెత్తగా వండితే, గంజి ఎవరికి పెడుతున్నావంటారు. పెళ్ళయిన కొత్తలో వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. తరవాత తరవాత ఏడవడానికి తీరికలేక మానేశాను.

గోదావరి పుష్కరాలొచ్చిన ఏడు, వేసవి సెలవుల్లో ఒకనాడు దోసకాయ పప్పు చేశాను. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం ఇవతలకి తోశారు.

"ఇంతకంటే హోటల్ వాడు నయం" అన్నారు.

ఈ హోటల్ వాడు మా ఇంట్లో పాత మనిషే. ఒకప్పుడు ఈయన ఇంటర్ పేపర్లు దిద్దడానికి ఏటా రాజమండ్రి వెళ్ళేవారు. దానవాయిపేటలో ఏదో హోటల్లో తినేవారు. రెండేళ్ళుగా ఆ డ్యూటీ పడలేదు, ఆ భోజనం మాత్రం ఈయన నాలిక దిగలేదు. అక్కడి ముద్దపప్పు, అక్కడి కందిపొడి, పొగలు కక్కే అన్నం అంటూ నా వంట తింటూ వాడి వంట పొగిడేవారు. ఆ రోజెందుకో నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏ హోటల్ వాడండీ?" అన్నాను.

"ఏంటి?"

"మీరు రోజూ చెప్పేవాడేనండి. వాడెవడో నేనూ చూస్తాను. నన్ను తీసుకెళ్ళండి."

"నీకెందుకే హోటలు?"

"ఎందుకేంటండీ? కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ నేను వండని వంట, నేను కూర్చుని, వేడివేడిగా తిన్న పాపాన పోలేదు. పెళ్ళిళ్ళకెళ్ళినా నన్ను వంటవాళ్ళ దగ్గరే కాపలా కూర్చోబెడతారు. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఎవరో వండితే, ఎవరో వడ్డిస్తే, ఆకు ముందు కూర్చుని తింటాను. అంత బాగుంటే నేర్చుకుంటాను కూడా."

ఆయన ఇక వెనక్కి తగ్గడానికి లేకపోయింది. "సరే, ఆదివారం పద" అన్నారు.

ఆదివారం పొద్దున్న కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. అంత దూరం పోయి తినబోయే భోజనానికి కడుపులో చోటుండాలి కదా. మంచి వెంకటగిరి చీర కట్టుకున్నాను. పాసింజరు రైల్లో రాజమండ్రి చేరేసరికి ఆ చీర కాస్తా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. రాజమండ్రి ఎండ సంగతి చెప్పేదేముంది. దానికి తోడు పుష్కరాల పనులని రోడ్లన్నీ తవ్వి పోశారు. రిక్షా అబ్బాయి సగం దూరంలోనే ఆపేసి, "ఇంక పోదండి, నడవాలండి" అన్నాడు.

నడిచాం. దానవాయిపేటలో ఈయన గారి హోటల్ ఉండాల్సిన చోట మూడంతస్తుల నర్సింగ్ హోం ఉంది.

"ఇక్కడే ఉండాలి" అన్నారాయన. వెనక్కి వెళ్ళారు. సందు చివరిదాకా పోయి ముందుకొచ్చారు. "ఇక్కడే ఉండాలే మరి" అని మళ్ళీ అక్కడే నిలబడ్డారు. హోటల్ ఈయనకి చెప్పకుండా ఎలా పోయిందన్నట్టు ఆ గోడల్ని కోపంగా చూస్తున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ జాలిపడి నా దగ్గరకొచ్చాడు.

"ఏమ్మా, ఒంట్లో ఎలా ఉందండి? జొరమా అండి?"

"ఆకలి నాయనా" అన్నాను.

ఎదురుగా బడ్డీ కొట్టాయన్ని అడిగాం. "ఆయ్, ఆ హోటలా అండీ? ఎప్పుడో ఎత్తేశారండి. తిన్నగా వెళ్ళి ఎడంపక్క తిరగండి, కొత్తది పెట్టారండి. ఏసీ అండి. బెమ్మాండం అండి" అన్నాడు.

ఆ బ్రహ్మాండం లోపలికి అడుగుపెడితే పట్టపగలు కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. చల్లగా ఉందని మాత్రం ఒప్పుకుంటాను. తడుముకుంటూ కూర్చున్నాం. మెళ్ళో బో టై కట్టుకున్న కుర్రాడు పెళ్ళి ఆల్బమంత పుస్తకం తెచ్చి మా ముందు పెట్టాడు. ఈయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చదివారు. గోబీ మంచూరియా, వెజ్ నూడుల్స్, పనీర్ బటర్ మసాలా, ఇంకా ఏవేవో.

"భోజనం లేదా బాబూ?" అన్నాను నేను.

"ఇవన్నీ భోజనమేనండి."

"అది కాదు నాయనా. అన్నం, పప్పు."

"జీరా రైస్ ఉందండి. దాల్ ఫ్రై ఉందండి."

"జీలకర్ర లేకుండా మామూలు తెల్లన్నం?"

"స్టీమ్డ్ రైస్ తేవచ్చండి. ఆవకాయ, చారు అలాంటివి ఉండవండి. ఆదివారం మీల్స్ పెట్టమండి."

ఆంధ్రదేశంలో, అందులోనూ గోదావరి ఒడ్డున, అన్నమెక్కడుందో వెతుక్కునే రోజులొచ్చాయన్నమాట. రామ రామ! వాళ్ళిచ్చిన చల్లటి నీళ్ళు తాగేసి లేచి వచ్చేశాం. ఊరికే లేచొచ్చినందుకు ఈయనకి తలకొట్టేసినట్టయింది. నాకైతే ఏం కాలేదు, ఆకలి ముందు సిగ్గేమిటి?

తరవాత ఎవరో చెప్పగా ఒక మెస్సుకి వెళ్ళాం. అక్కడ అన్నమూ ఉంది, పప్పూ ఉంది, ఊళ్ళో మగాళ్ళందరూ ఉన్నారు. మందుల కంపెనీల కుర్రాళ్ళు బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. తినేవాళ్ళ వెనక, కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఇంకో వరస నిలబడి ఉంది. తినేవాడు పెరుగు కలుపుకుంటుంటే వెనకవాడు కుర్చీ మీద చెయ్యి వేసేస్తున్నాడు.

కౌంటరు దగ్గరాయన నన్ను చూసి, "లేడీసుకి లోపల రూముందండి" అన్నాడు. ఆ రూములో బియ్యం బస్తాలు, గ్యాసు సిలిండర్లు ఉన్నాయి, మధ్యలో ఒక బల్ల ఉంది. నేను కూర్చునేదాన్నే. సిలిండరు మీద కూర్చోమన్నా కూర్చుందును. పొగలొచ్చే పప్పు గిన్నె నా పక్కనించే వెళ్ళింది మరి. ఈయన ముక్కు చిట్లించి, "ఇక్కడ మనుషులు తింటారా?" అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు.

"మనుషులే తింటున్నారు కదండీ!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

ఒంటిగంట దాటింది. కళ్ళు తిరుగుతున్నాయి. మూడో హోటల్ గురించి ఎవర్ని అడుగుదామా అని చూస్తుండగా వెనకనించి స్కూటర్ హారన్ వినబడింది.

"అన్నయ్యా! ఒదినా! ఏంటిలా ఎండలో?"

మణిశంకర్. మా ఆయనకి పిన్ని కొడుకు. బ్యాంకులో పని, కాపరం దానవాయిపేటలోనే. ఇంక నా హోటల్ భోజనం గల్లంతే అనుకున్నాను. హోటల్ వెతుక్కుంటున్నామని ఈయన చెప్పచ్చు కదా. చెప్పరు. చెబితే పరువు పోదూ!

"ఏం లేదురా, చిన్న పనుండి వచ్చాం" అన్నారు నసుగుతూ.

"భోజనాలయ్యాయా?"

ఈయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆ చూపుల్లోనే దొరికిపోయాం.

"ఇంకా నయం! మా ఇల్లుండగా హోటల్లో తింటారా ఏంటి కొంపదీసి? తెలిస్తే మా అమ్మ నన్ను బతకనిస్తుందా? పదండి పదండి."

నేను గట్టిగానే చెప్పాను, వద్దు మణీ, ఈ వేళప్పుడు ఆ అమ్మాయిని కష్టపెట్టకూడదు, మేం ఏదో హోటల్లో తింటాం, నాకూ సరదాగా ఉంది అని. నా మాట ఎవరు వింటారు? మా జిల్లాల్లో మనిషిని మర్యాదతోనే చంపేస్తారు. మా ఇద్దర్నీ ముందు నడిపించి, స్కూటర్ తోసుకుంటూ, పారిపోకుండా కాపలా కాస్తున్నట్టు మణిశంకర్ మా వెనకే వచ్చాడు.

ఇంట్లోకి వెళుతూనే, "కౌముదీ! అన్నయ్యా వాళ్ళూ భోజనానికొచ్చారు!" అని కేకేసి, టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. ఈయన ఫ్యాను కింద కుర్చీ లాక్కున్నారు.

మా తోడికోడలు కౌముది చంటిపిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. వాళ్ళ భోజనాలైపోయి, గిన్నెలు అంట్లలో పడ్డాయి. "రండి అక్కయ్యగారూ, రండి బావగారూ" అని నవ్వింది. ఆ నవ్వు వెనక మొహం నాకు బాగా తెలుసు, అది నేనూ బోలెడుసార్లు పెట్టిన మొహమే. పిల్లాడికి పళ్ళొస్తున్నాయిట, ఒళ్ళు వెచ్చగా ఉంది, దింపితే గుక్క పట్టేస్తున్నాడు.

"నువ్వు గదిలోకెళ్ళి వాణ్ణి పడుకోబెట్టమ్మా. వంట సంగతి నేను చూస్తాను" అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

అదీ నా హోటల్ భోజనం. సామర్లకోటనించి మంచి చీర కట్టుకుని వచ్చి, ఇంకొకరి వంటింట్లో కొంగు దోపుకుని దొండకాయలు తరిగాను. కుక్కరు పెట్టాను. దొండకాయ వేయించి కొబ్బరికారం వేశాను. మిరియాల చారు కాచాను. కోపమంతా అట్లకాడ మీద చూపించానేమో, వేపుడు మాత్రం కరకరలాడుతూ వచ్చింది. అప్పటికి పిల్లాడు పడుకున్నాడు. ఇంటి ఇల్లాలు తనే కాబట్టి కౌముది వడ్డించింది. నేను అప్పడాలు వేయిస్తూ గుమ్మంలోంచి చూస్తున్నాను.

ఈయన మొదటి ముద్ద తిన్నారు. కళ్ళు మూసుకున్నారు.

"అమ్మా కౌముదీ! దొండకాయంటే ఇలా వేగాలమ్మా. ఉప్పూ కారం ఎంత కుదిరాయో!"

నా చేతిలో అప్పడం మాడిపోయింది.

"నేను కాదండి బావగారూ. అక్కయ్యగారే చేశారండి" అంది కౌముది.

ఈయన నా వైపు తిరిగి పకపకా నవ్వారు. "చూశావా లలితా, ఎంత వినయమో! చేసింది తనై ఉండీ పేరు పెద్దవాళ్ళకిస్తోంది. ఈ కాలంలో ఎవరికుంటుందమ్మా ఇలాంటి బుద్ధి?"

"మా కౌముది అంతేలే అన్నయ్యా" అన్నాడు మణిశంకర్, మొహం ఇంత చేసుకుని.

కౌముది నా వైపు బెంబేలుగా చూసింది. ఊరుకోమని కళ్ళతోనే సైగ చేశాను. మరిదిగారి మొహం వాడిపోతుందని కొంత. నా వంట బాగుందని నా నోటితో నేను చెప్పుకోవడమేమిటని కొంత. ఈయన మాత్రం వేపుడు మారు అడిగారు. మళ్ళీ అడిగారు. చారు తాగి, ఇంకో గ్లాసు పోయించుకున్నారు. నేను కూర్చునేసరికి మూకుట్లో రెండు మాడు ముక్కలున్నాయి. ఇంత మజ్జిగన్నం కలుపుకునేలోగా, "కానీ కానీ, రైలు వేళవుతోంది" అని వీధిలోంచి ఒకటే కేకలు. నాలుగు మెతుకులు మింగి లేచాను.

వీధి మలుపు తిరిగామో లేదో మొదలుపెట్టారు.

"వంటంటే అదీ! నీకంటే ఎంత చిన్నది ఆ పిల్ల! చూసి నేర్చుకో కాస్త."

నేను ఆగిపోయాను.

"హోటల్‌కి పదండి" అన్నాను.

"మతి పోయిందా? ఇప్పుడేగా తిన్నాం!"

"మీరు తిన్నారు."

ఇంక ఆయన వస్తారో రారో చూడలేదు. స్టేషన్‌కి పోయే దారిలో ఒక సందులో 'ఇచ్చట భోజనం లభించును' అన్న పాత బోర్డు కనబడింది. తిన్నగా లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఈయన గొణుక్కుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మూడు దాటడంతో ఎవరూ లేరు. బల్లలు తుడుస్తున్న సర్వరు దగ్గరికొచ్చాడు.

"కూరలైపోయినియ్యండి. పప్పుందండి, గోంగూర పచ్చడుందండి, చారుందండి. పర్లేదా అండి?"

"వెయ్యి బాబూ. ఒక్కరికే."

అరిటాకు వేశాడు. నీళ్ళు చల్లుకున్నాను. పొగలొచ్చే అన్నం వేసి, పప్పు వేసి, నెయ్యి వేసి, పక్కనే నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, ఆ పప్పు నా దోసకాయ పప్పు కాలిగోటికి కూడా సరిపోదు. అయితేనేం, వేడిగా ఉంది. నేను కూర్చుని ఉన్నాను. ఇంకొకరు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగితే గోంగూర ఘాటు మీదకి తోసేశాను.

"ఎలా ఉంది?" అన్నారీయన, వాచీ చూసుకుంటూ.

"బాగుంది."

"ఏం బాగుంటుందిలే! కౌముది చేసిన దొండకాయ తిన్న నోటికి..."

"ఆ దొండకాయ నేను చేశానండి."

నవ్వారు. "పోనిద్దూ."

"నేనే చేశాను. ఆ పిల్ల గదిలో చంటివాణ్ణి పడుకోబెడుతోంది. దొండకాయలు తరిగింది నేను, వేయించింది నేను. మీరు రెండు గ్లాసులు తాగిన చారూ నాదే. ఆ పిల్ల ఉన్నమాటే చెప్పింది. మీరు వినలేదు."

ఆయన నవ్వు ఆగింది. నా మొహంలోకి చూశారు. నమ్మారు, నాకు తెలిసింది.

ముద్ద చేతిలోనే పట్టుకుని ఎదురుచూశాను. దాచడమెందుకు, ఆశపడ్డాను. ఒక్క మాట చాలు నాకు. కొత్తగా ఏమీ అనక్కర్లేదు, మధ్యాహ్నం ఆ పిల్లతో అన్నమాటే నాతో అంటే చాలు. లేదా "అలాగా" అన్నా సరిపెట్టుకుందును.

ఆయన మధ్యాహ్నం తిన్నది మళ్ళీ రుచి చూస్తున్నట్టు నాలిక లోపల్లోపలే ఆడించారు.

"అదీ సంగతి" అన్నారు చివరికి. "తింటున్నప్పుడే అనుకున్నాను, ఉప్పు కాస్త తగ్గిందని. వాళ్ళింట్లో అంటే బాగోదని ఊరుకున్నాను."

ఇన్నేళ్ళూ చిటికెడు ఎక్కువేసి, చిటికెడు తగ్గించి, వంట సరిదిద్దుకుంటూనే ఉన్నాను. ఈయన నాలిక్కి లోటు వంటలో కాదు, వండిన మనిషిలో ఉంది. దానికి నేనేం వెయ్యను?

"లే లే, రైలు పోతుంది" అన్నారు.

"మీరు వెళ్ళండి. నేనింకా చారు దాకా రాలేదు."

"నువ్వో?"

"సాయంత్రం ఇంకో బండుందిట కదా, దాంట్లో వస్తాను." సర్వరు వైపు తిరిగాను. "బాబూ, ఇంకొంచెం అన్నం వెయ్యి."

"ఎంత వెయ్యమంటారండి?"

"నేను చాలనే దాకా వెయ్యి."

ఆయన సంచీ తీసుకుని లేచి నిలబడ్డారు. నేను అన్నంలో గుంట చేసుకుని చారు పోయించుకున్నాను.