పరగడుపు గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేం లేదు. ఎక్కడో కొండలో మన్నుగా పడున్నదాన్ని తవ్వి, కాల్చి, రేకుగా సాగదీసి, మిషను కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కారు. లేచి చూసుకునేసరికి గ్లాసునైపోయాను. మనుషులకి తొమ్మిది నెలలు పట్టే పని!

పేరు మాత్రం నాది కాదు. గిన్నెల కొట్టాయన నన్ను ఒళ్ళో పెట్టుకుని, చక్కిలిగిలి పెట్టే మిషనుతో నా పొట్ట మీద చుక్కచుక్కలుగా 'కీ.శే. మట్టా పేరంటాలు జ్ఞాపకార్ధం' అని చెక్కాడు. ఆఖరున 'థ' పొట్టలో చుక్క పెట్టడం మరిచిపోయాడు. జ్ఞాపకం అనే మాటలోనే మరుపు! తెల్లారితే పెద్దకర్మ, ఇక చుక్కలు చూసేదెవరు? బంధువులంతా బూరెలు తిని తలా ఒక గ్లాసూ పట్టుకెళ్ళారు. ఆ చచ్చిపోయినావిడకి వరసకి మనవరాలైన నూకరత్నం సంచిలో నేను పడ్డాను.

నూకరత్నానికి కోనసీమలో ఒక అడ్డరోడ్డు దగ్గర టీ బడ్డీ ఉంది. ఆమె మొగుడు సూర్రావు పాలు తెస్తాడు, గ్లాసులు కడుగుతాడు, ఎవరేమన్నా తల ఊపుతాడు. తెల్లారగట్ల మొదటి బస్సొచ్చేసరికి టీ దిగాలి. ఆ మొదటి టీ దేవుడికీ కాదు, బస్సుకీ కాదు. అది నాలో పడుతుంది. ఆవిడ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఊఁ" అంటుంది. ఆ 'ఊఁ' పడితేనే అమ్మకం. పడకపోతే ఇంకాస్త అల్లమో, ఇంకో పొంగో.

"రత్నమక్కా, ఊఁ పడిందా?" అని బస్సులోంచే అరిచేవాడు డ్రైవరు ఇమ్మానియేలు.

"పడింది, దిగు. హారనెందుకు, నీ గొంతు చాలదా?"

అలాంటి మనిషి ఒక ఎండాకాలం పొయ్యి పక్కన కూచుని దుప్పటి కప్పుకుంది. అందరూ చెమటలు కక్కుతుంటే ఈవిడకి చలి. తిండి తగ్గింది, ఒళ్ళు మాత్రం పెరిగింది. దువ్వెనకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. గొంతు బొంగురుపోయింది.

"అక్కా, నువ్వు ఊఁ అంటే లారీ గేరు మార్చినట్టుందే," అన్నాడు ఇమ్మానియేలు.

నవ్వింది గానీ, ఆ రోజే పంచదార రెండుసార్లు వేసింది. ఇంకోరోజు అసలు వెయ్యలేదు. గరిటె పట్టుకునే కునికేది. కూచుని తింటే ఒళ్ళు రాదా అన్నారు జనం. ఆవిడ నిలబడి ఉండగా చూసినవాళ్ళే! మనుషుల కళ్ళు ముఖానికి ముందుంటాయి గానీ, చూపు ఎటుంటుందో నాకిప్పటికీ తెలీదు. మెల్లగా బేరాలు రోడ్డు దాటి ఎదురుగా కొత్తగా పెట్టిన బడ్డీకి పోయాయి.

"పోనీ బడ్డీ ఎవరికైనా ఇచ్చేద్దామే," అన్నాడు సూర్రావు.

"ముందు నన్నిచ్చెయ్. తర్వాత బడ్డీ," అందావిడ. ఆ రాత్రి నన్ను తోముతూ ఏడ్చింది. పొయ్యి దగ్గర్నించి లేస్తే తానింక ఎవరో ఆవిడకే తెలీదు.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి చెప్పింది. గొంతులో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంది, ఒంటికి కావలసిన చురుకు అదే పుట్టిస్తుంది. రోగాల్ని తరమాల్సిన మన రక్షణే దాన్ని పరాయిదనుకుని తినేస్తోంది.

నూకరత్నం ఆలోచించి, "అంటే మా కాపలా కుక్క మా దూడనే కరుస్తోందన్నమాట," అంది.

"అంతే. కుక్కని చంపలేం. దూడ ఇవ్వాల్సిన పాలు మాత్రలో పెట్టి ఇస్తాం."

"దూడ పాలివ్వదండి," అన్నాడు సూర్రావు. అతను తల ఊపకుండా ఒకరి మాట దిద్దడం నేను వినడం అదే మొదలు.

డాక్టరమ్మ నవ్వి, "రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకో, ఎన్నాళ్ళైనా మానొద్దు," అని పంపింది.

ఆ 'పరగడుపు' దగ్గరే వచ్చింది చిక్కు. మా అడ్డరోడ్డు మీద ఎవర్నైనా 'ఏమన్నా తిన్నావా' అని అడగండి. 'లేదు, మూడు టీలు తాగానంతే' అంటాడు. ఇడ్లీ పడితే కడుపు ఎంగిలి. టీకి ఎంగిలేంటి? కాబట్టి నూకరత్నం రోజూ తెల్లారగట్ల, ఒక్కరోజు తప్పకుండా, మాత్ర నాలుక మీద పెట్టుకుని నాలోని మొదటి టీతో గుటుక్కున మింగేది. ఒళ్ళు మారలేదు. డాక్టరమ్మ మాత్ర పెంచింది. మారలేదు. మళ్ళీ పెంచింది. రోజూ చూస్తున్నదాన్ని నేనే గానీ, నాకు అంచుందే తప్ప నోరెక్కడిది?

నూకరత్నం ఊరెళ్ళినా పరాయి గ్లాసులో తాగదు. అందుకని ఈసారీ ఆస్పత్రికి నన్నూ ఫ్లాస్కునీ తీసుకెళ్ళింది. పరీక్షకి రక్తం ఇచ్చి, బల్ల మీద కూచుని, సీసాలోంచి మాత్ర తీసి, నాలో టీ పోసుకుంది. మింగేలోపు డాక్టరమ్మ గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది.

"ఏంటమ్మా అది?"

"మాత్రండి. పరగడుపునే."

"చేతిలో టీ!"

"టీకి పరగడుపు పోతుందేంటండీ?"

డాక్టరమ్మ నాలోకి తొంగి చూసింది. తర్వాత పక్కన కూలబడి, "తప్పు నాదేనమ్మా. మాట చెప్పాను గానీ, దానికి నువ్వేం అర్థం చేసుకున్నావో అడగలేదు," అంది. పాలూ టీ ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వవట. ఉత్త నీళ్ళతో వేసుకుని, గంటసేపు ఏమీ ముట్టకూడదట. పెంచిన మాత్రని మళ్ళీ తగ్గించి రాసింది.

"గంట!" నూకరత్నం ముఖం పాలిపోయింది. "రుచి చూడకుండా మొదటి బస్సుకి టీ ఎలా పొయ్యనండీ?"



మర్నాడు నాలో నీళ్ళు పడ్డాయి. మాత్ర దిగింది. టీ వేరే గ్లాసులో సూర్రావు చేతికెళ్ళింది. అతను తాగి, "బ్రహ్మాండం," అన్నాడు. ఇమ్మానియేలు ఒక గుక్క తాగి, మిగతాది చెట్టుకి పోశాడు.

"బ్రహ్మాండం అనడానికి నువ్వెందుకు? మొగుడివా, పెళ్ళికొచ్చిన చుట్టానివా? ఏం తక్కువైందో చెప్పు!" అని అరిచింది నూకరత్నం.

పాపం, కాపురంలో వంక పెట్టడం అతనికి అలవాటు లేదు. వారం బ్రహ్మాండంతోనే గడిచింది. ఒక పొద్దున గుక్క తాగి, కళ్ళు మూసుకుని, గోడవైపు తిరిగి, "అల్లం ఎక్కువైంది," అన్నాడు. అని, దెబ్బ కోసం ఎదురు చూసేవాడిలా నిలబడ్డాడు. ఆవిడ గుడ్లురిమి చూసి, ఇంకాసిని పాలు పోసింది. అతను మళ్ళీ తాగాడు.

"ఊఁ."

బస్సు హారను మోగింది.

నెలలు గడిచాయి. దుప్పటి అటకెక్కింది, గొంతు తేటపడింది, రోడ్డు దాటిన బేరాల్లో సగం వెనక్కొచ్చాయి. కుక్క ఇంకా ఉంది, కరుస్తూనే ఉంటుంది. ఒక్కో రోజు ఒళ్ళు బరువెక్కుతుంది. అలాంటప్పుడు సూర్రావు గరిటె అందుకుంటే ఆవిడ స్టూలు మీద కూచుని వంకలు పెడుతుంది.

నాలో టీ పడి చాలాకాలమైంది. రాత్రి మాత్రల సీసా మీద నన్ను బోర్లిస్తుంది, పొద్దున లేవగానే కంటబడాలని. ఆవిడ బొటనవేలు రోజూ పట్టే చోట పేరంటాలుగారి పేరు అరిగిపోయింది. నా పొట్ట మీద ఇప్పుడు ఒక్క మాటే మిగిలింది: జ్ఞాపకార్ధం. చుక్క లేకపోయినా ఆవిడకి అర్థమవుతుంది.