కిక్రీ తెగిన పొద్దు

కిక్రీ వాద్యానికి బిగించిన మూడు గుర్రపు వెంట్రుకల తీగలనూ ఎవరో కోసేశారు.

మాన్కు దాన్ని ఇంట్లోంచి ఎండలోకి తెచ్చి చూశాడు. ఎలుక కొరికితే చివర్లు చీలుతాయి. ఇవి ఒక్క దెబ్బకు తెగాయి. కొడవలి పని.

మాన్కు ప్రధాన్ కులంవాడు. మంచిర్యాల స్టేషన్లో మూటలు మోస్తాడు. ఈ గోండు ఇంట్లో ఎవరు పోయినా వచ్చి, కిక్రీ వాయిస్తూ పేరు పెట్టి పిలిచి, పోయినవాళ్లను గోండుల పెద్దదేవుడు పెర్సాపేన్‌లో కలుపుతాడు. తాతల నాటి హక్కు అది. మరో ప్రధాన్ చెయ్యకూడదు. ఈసారి ఈ ఇంటి కొడుకు లచ్చును కలపాలి. ఇరవై రెండేళ్లవాడు, రైలుకట్ట పనికి పోయి, జ్వరంతో తిరిగొచ్చి, నాలుగో రోజున పోయాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే కలపాలి. తప్పితే మళ్లీ ఏడాది దాకా దేవుణ్ణి బయటికి తియ్యరు. మాన్కుకు డెబ్బై దాటాయి, మెట్లెక్కితే ఆయాసం. ఇంకో ఏడాది ఉంటానని అతను నమ్మలేడు. కొడుకేమో కిక్రీ ముట్టనన్నాడు.

వెంట్రుకలు ఎక్కడ దొరుకుతాయి? రాజయ్య టాంగా గుర్రాన్ని అమ్మేసి రెండేళ్లయింది. ఇప్పుడు స్టేషన్ బయట అన్నీ ఆటోలే.

"నైలాన్ దారం కట్టరాదె?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"మీ దేవునికి నైలాన్ ఇనరాదు పటేలా," అన్నాడు మాన్కు. ఎవరూ నవ్వలేదు.

ముందు రాత్రి మాన్కు పందిట్లో పడుకున్నాడు. ఆచారం ప్రకారం కిక్రీ పోయినవాడి ఇంట్లోనే వేలాడింది. లోపల ఉన్నది లచ్చు తల్లిదండ్రులిద్దరే. తండ్రి కోడికూతకు ముందే మేకను తేవడానికి పోయాడు.

తల్లి సోంబాయి పొయ్యి దగ్గర బియ్యం కడుగుతోంది. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. కడుగునీళ్లు ఎర్రబడుతున్నా ఆమె చూసుకోవడం లేదు.

మాన్కు ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "ఏలు ఎట్ల తెగింది బిడ్డా?"

సోంబాయి బియ్యం మీంచి చెయ్యి తీసింది.

"నేనే కోసిన కాకా. నువ్వు వాయిస్తె వాడు పోతడు. దేవుండ్లల్ల కలిసినంక ఇంటికి రారంటరు కదా. గిప్పుడైతె రోజు పొద్దుగూకంగ గడపకాడ వానికింత బువ్వ పెడుతున్న. నిన్న గూడ పళ్లెం జరిగింది. కోడి జరిపిందంటడు లచ్చు బాపు. కోళ్లన్నీ గంప కిందనే ఉన్నయి కాకా. నేనే మూసిన."