రొట్టెలకొట్టావిడ చనిపోయిన వారం

వదినను ఫ్రెంచి క్లాసులో చేర్పించింది ఇంకెవరో కాదు, డిక్షనరీయే. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో, అన్నిసార్లూ తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

డిక్షనరీ అన్నది అన్నయ్య పెట్టిన పేరు. ఎనిమిదో తరగతిలో పాత పుస్తకాల షాపులో ఒక చిరిగిన ఫ్రెంచి వాచకం దొరికిన రోజు నుంచీ ఆ పిల్లకు అదే లోకం. అన్నం ముందు కూర్చుని కూడా పదాలు వల్లె వేసేది. యూనివర్సిటీలో చేరాక మొదటి ర్యాంకు ఇంకొకరికి పోనివ్వలేదు. చివరి సంవత్సరంలో ‘నిత్యజీవితంలో ఫ్రెంచి’ అని కొత్త కోర్సు పెట్టారు. పదిమంది చేరితేనే నడుపుతామన్నారు. తొమ్మిది మంది తేలారు. కాస్తో కూస్తో భాష వచ్చిన బయటివాళ్ళు కూడా చేరొచ్చని నోటీసులో కింద చిన్న అక్షరాల్లో ఉంది. డిక్షనరీ ఒక్క పరుగున ఇంటికొచ్చి వదిన కాళ్ళావేళ్ళా పడింది.

వదిన ఆస్పత్రిలో రిసెప్షన్ కౌంటరు దగ్గర పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్తే రెండింటికి వస్తుంది. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ సాయంత్రం పూట పుస్తకం పట్టుకుని డిక్షనరీ చేత పాఠాలు అప్పజెప్పించుకునేది ఆవిడే కాబట్టి ఎంతో కొంత చెవిన పడి ఉంది. అయినా ఈ వయసులో క్లాసేమిటని బిడియపడింది.

“నువ్వు ఊరికే వెనకాల కూర్చో వదినా. తలకాయల లెక్కకి వస్తే చాలు” అంది డిక్షనరీ.

ఆ మాట అన్నందుకు తర్వాత నాలుక కొరుక్కోని రోజు లేదు.

పాఠం చెప్పే మేడమ్ పదిహేనేళ్ళు ఫ్రాన్సులో ఉండి వచ్చిన మనిషి. ఎండాకాలంలో కూడా మెడకు స్కార్ఫు, ముక్కు మీద కోపం. మొదటిరోజే పుస్తకాలన్నీ సంచుల్లో పెట్టించేసింది. గది వెనక గోడకు పది చెప్పుల డబ్బాలు అతికించి ఉన్నాయి. ఇవి ఫ్రాన్సులోని ఒక మేడలో ఉత్తరాల పెట్టెలు, మీ పదిమందీ ఆ మేడలో కాపురం ఉండేవాళ్ళు అంది. ఎవరు ఏ మనిషో వాళ్ళే కల్పించుకోవాలి. ఈ నాలుగు నెలలూ క్లాసులోకి అడుగు పెడితే ఆ మనిషే. ఉత్తరాలు రాసుకోవాలి, పోట్లాడుకోవాలి, పాలు అరువడగాలి, అన్నీ ఫ్రెంచిలోనే. డబ్బాల పక్కన ఒక నోటీసు బోర్డు. క్లాసు మొదలయ్యే గంట కొట్టేలోపు దాని మీద ఏ కాగితం కనిపిస్తే అది ఆ మేడలో జరిగిపోయినట్టే. ఎవరు పెట్టారని అడగకూడదు, చించకూడదు, కొట్టెయ్యకూడదు. కావాలంటే పక్కన ఇంకో కాగితం పెట్టుకోవచ్చు. బతుకులో రబ్బరు పెట్టి తుడిచే సౌకర్యం లేదు కదా అని మేడమ్ వాదన.

డిక్షనరీ రెండో అంతస్తులో రిటైరైన పన్నుల అధికారి అయింది. ఆయన నోట పెద్ద పెద్ద మాటలు పలికించొచ్చని ఆశ. వదిన వంతు వచ్చేసరికి కిందంతస్తులో రొట్టెల కొట్టొకటి మిగిలింది. “కౌంటరు నాకు అలవాటే, అక్కడ కూర్చుంటాను” అంది. అరవయ్యేళ్ళ మనిషి, భర్త పోయాడు, మోకాళ్ళ నొప్పులు. అంతే కల్పించింది.

రెండోవారం కొట్టు తెరిచారు. బల్ల మీద అట్టతో చేసిన రొట్టెలు. పన్నుల అధికారిగారు దర్జాగా నడిచి వచ్చి, వంక పెట్టడానికి వీల్లేని వాక్యంలో, సగం రొట్టె కావాలి, మరీ మాడకూడదు అని అడిగారు. రొట్టెలకొట్టావిడ తల కూడా ఎత్తలేదు. గుడ్డతో బల్ల తుడుచుకుంటూ కూర్చుంది. డిక్షనరీ ఇంకోసారి అడిగింది, ఇంకాస్త గట్టిగా. ఉహూఁ. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారికి మేడమ్ కల్పించుకుని, ఆ దేశంలో కొట్లోకి అడుగుపెట్టగానే ముందు బోంజూర్ అనాలనీ, పలకరించకుండా సరుకు అడగడమంటే మనిషిని మనిషిగా లెక్కచెయ్యకపోవడమనీ, ఈవిడ చేసింది అచ్చం అక్కడి కొట్టువాళ్ళు చేసే పనేననీ చెప్పింది. ఈ సంగతి ఎలా తెలుసని వదినను అడిగింది.

“తెలీదు మేడమ్. మా కౌంటరు దగ్గరకి కూడా ఇలాగే వస్తారు, నేనొక గోడని అన్నట్టు. కొట్టు నాది కదా, ఒక్కసారైనా పలక్కుండా కూర్చుందామనిపించింది” అంది వదిన, వచ్చీరాని ఫ్రెంచిలో.

క్లాసంతా చప్పట్లు. డిక్షనరీకి తల కొట్టేసినట్టయింది. బోంజూర్ అనాలని ఆమెకు తెలియదా? చదివింది. నూట పన్నెండో పేజీలో ఉంది. అవసరానికి నోటికి రాలేదు.

అప్పటినుంచి కడుపులో మంట మొదలైంది. వదినకు భాష రాదు. మాటకో తప్పు, వాక్యానికో గండి. కానీ మూడో అంతస్తు సంగీతం టీచరు తన ప్రేమ గొడవ వదినకే చెప్పుకుంది. నాలుగో అంతస్తు డ్రైవరు ఇంటి తాళాలు వదిన దగ్గరే ఇచ్చి వెళ్ళాడు. వదిన ఉత్తరాల పెట్టె మూత పడటం లేదు. రెండో అంతస్తు పెట్టెలో నెల తిరిగేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు. డిక్షనరీ మాత్రం అందరికీ రాసింది, మెట్ల మీద చప్పుడు గురించీ, చెత్త బుట్టల గురించీ, ఒక్క పొల్లు పోకుండా. జవాబు రాలేదు. ఇంట్లో వదిన తనకొచ్చిన ఉత్తరాలు అన్నయ్యకు చదివి వినిపిస్తుంటే, అన్నయ్య పడీ పడీ నవ్వుతుంటే, డిక్షనరీ తన గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. నా అన్నయ్య, నా ఫ్రెంచి, రెండూ ఈవిడే పట్టుకుపోయింది అనుకునేది. అలా అనుకోవడం అన్యాయమని తెలుసు. తెలిసినా మంట తగ్గలేదు.

మూడో నెలలో మేడమ్ అసలు కబురు చెప్పింది. ఫ్రాన్సులో ఒక కాలేజీవాళ్ళు ఈ క్లాసు నుంచి ఒకరిని పిలుస్తున్నారు. నాలుగు నెలలు అక్కడ ఒక కుటుంబంతో కలిసి ఉండి చదువుకోవచ్చు. ఖర్చు వాళ్ళది. ఒకటే సీటు. పరీక్ష లేదు. చివరిరోజున మేడలో ఉన్నవాళ్ళలో ఎవరు నిజంగా బతికారని తనకు అనిపిస్తే వాళ్ళ పేరు రాస్తుంది. బయటివాళ్ళూ లెక్కలోకి వస్తారు.

ఎనిమిదో తరగతి నుంచీ డిక్షనరీ కన్న కల ఇదొక్కటే. ఆ రోజు బస్సులో వదిన ముఖం వంక పరీక్షగా చూసింది. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. నీకెందుకే ఆ సీటు, నీకు ఉద్యోగం ఉంది, మొగుడున్నాడు అని అరవాలనిపించింది. అరవలేదు.

ఆ శనివారం ఇద్దరూ ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. వదిన గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పకు, వచ్చే వారం నా కొట్టుకో పిల్లి రాబోతోంది అంది. కుంటి పిల్లి, బూడిద రంగు. పిండి బస్తాల వెనక దొరుకుతుందట. దాని గురించి రాసి అందరినీ ఆశ్చర్యపరచాలని వారం నుంచీ మాటలు కూడబెట్టుకుంటోందట. బాగుంది వదినా అంది డిక్షనరీ. లోపల మాత్రం, అయిపోయింది, ఆ పిల్లితో సీటు ఈవిడదే అనుకుంది.

సోమవారం క్లాసుకు అందరికన్నా ముందే వెళ్ళింది. చేతిరాత తెలియకుండా టైపు చేసిన కాగితం ఒకటి బోర్డు మీద గుచ్చి, కాంటీనులోకి వెళ్ళి కూర్చుంది. గంట కొట్టాక అందరితో కలిసి లోపలికొచ్చింది. కాగితం చుట్టూ గుంపు. నల్ల అంచు వేసి, పద్ధతి ప్రకారం రాసిన మరణ వార్త. కిందంతస్తు రొట్టెల కొట్టు యజమానురాలు ఆదివారం నిద్రలోనే కన్నుమూశారు. అంత్యక్రియలు ముగిశాయి. కొట్టు మూసివేయబడింది. ఆమె వెనక మిగిలింది ఆమె పిల్లి ఒక్కటే, దాన్ని పక్క వీధివారు తీసుకెళ్ళారు.

మేడమ్ రెండుసార్లు చదివింది. ఆవిడ ముఖం మాడిపోయింది. కానీ రూలు పెట్టింది తనే. మేడలో ఇవాళ సంతాపం, అందరూ ఉత్తరాలు రాయండి, పోయిన మనిషి మాట్లాడకూడదు కాబట్టి మీరు వెనక బెంచీలో కూర్చోండి అని వదినకు చెప్పింది. వదిన లేచి, అట్ట రొట్టెలు ఒక్కొక్కటే సంచీలో సర్దుకుని వెనక్కి వెళ్ళింది. అక్కడ గంటసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ గంటలో క్లాసు రాసినంత బాగా అంతకుముందెప్పుడూ రాయలేదు. సంగీతం టీచరు చదువుతూ నిజంగానే ఏడ్చేసింది. బతికుండగా వచ్చిన ఉత్తరాలే ఓర్వలేక చంపితే, చచ్చాక ఎనిమిది వచ్చాయి. డిక్షనరీ రాసిందే తొమ్మిదోది. అందులో తప్పుల్లేవు, మనిషీ లేదు. పోయినావిడ మీద కూడా ఇంకా కుళ్ళు చావలేదని గ్రహించి తన మీద తనకే వెగటు పుట్టింది.

బస్టాపులో వదిన అట్ట రొట్టెల సంచీ పట్టుకుని నిలబడింది. బస్సు కనుచూపు మేరలోకి వచ్చాక అంది:

“పిల్లి సంగతి నీకొక్కదానికే చెప్పాను.”

అప్పుడు తట్టింది డిక్షనరీకి. కాగితం పకడ్బందీగా రాయాలన్న యావలో, అది ఇంకా కొట్లోకి రాని పిల్లి అన్న సంగతే మరిచిపోయింది. ర్యాంకుల పిల్ల పప్పులో కాలేసింది.

“నాకూ వెళ్ళాలని ఉండింది. నీతో చెప్పడానికి సిగ్గేసింది” అంది వదిన. బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. అన్నయ్యతో ఒక్క మాట చెప్పలేదు. క్లాసులో ఎవరికీ ఉప్పందించలేదు.

తిట్టినా బాగుండేది. రెండు రోజుల తర్వాత సాయంత్రం వదిన ఎప్పటిలా డిక్షనరీ గదిలోకి వచ్చి, సెమిస్టరు పరీక్షల పుస్తకం తెరిచి పట్టుకుని, “ఊఁ, అప్పజెప్పు” అంది. కళ్ళ కింద నలుపు. పొద్దున్నుంచి కౌంటరులో నిలబడి వచ్చిన మనిషి. డిక్షనరీ రెండు వాక్యాలు చెప్పింది, మూడోదాని దగ్గర ఆగిపోయింది. వదిన పుస్తకంలోంచి అందించింది. అందించిన దాంట్లో కూడా ఒక తప్పుంది. అది దిద్దలేదు డిక్షనరీ.

మర్నాడు బోర్డు మీద నల్ల అంచు కాగితం పక్కన ఇంకో కాగితం కనిపించింది. ఇది టైపు కాదు, డిక్షనరీ సొంత చేతిరాత. రెండో అంతస్తు పన్నుల అధికారి రాస్తున్నది: రొట్టెలకొట్టావిడ చనిపోలేదు. మోకాళ్ళ వైద్యానికి చెల్లెలి ఊరు వెళ్ళింది. ఆవిడ పోయిందని కాగితం పెట్టింది నేను. నా పెట్టె ఖాళీగా ఉండి ఆవిడ పెట్టె నిండటం నేను చూడలేకపోయాను. ఆవిడ ఇవాళ తిరిగొస్తోంది. నేను శనివారం ఇల్లు ఖాళీ చేస్తున్నాను.

అది చదువుతూ మేడమ్ డిక్షనరీ వంక చూసింది. చివరిరోజున మేడలో ఉన్నవాళ్ళకే సీటు అన్నది ఇద్దరికీ గుర్తుంది.

“బాగా ఆలోచించుకునే పెట్టావా?” అని తెలుగులోనే అడిగింది. ఆ క్లాసులో ఆవిడ నోట తెలుగు వినడం అదే మొదటిసారి.

“పెట్టేశాను కదా మేడమ్. చించకూడదుగా” అంది డిక్షనరీ.

వదిన వెనక బెంచీలోంచి లేచి, సంచీలోంచి అట్ట రొట్టెలు తీసి బల్ల మీద పేర్చింది. ఆ తర్వాత కుంటి పిల్లి కూడా వచ్చింది. సీటు వదినకు వచ్చింది. పేరు ప్రకటించిన రోజు డిక్షనరీ అందరితో పాటు చప్పట్లు కొట్టి, బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. మంచిపని చేశానన్న తృప్తి ఆవగింజంత కూడా కలగలేదు. మంట అలాగే ఉంది.

ఆ తర్వాత గది ఖాళీ చేస్తూ చెప్పుల డబ్బాలు పీకేస్తుంటే రెండో అంతస్తు డబ్బాలో ఒక కాగితం దొరికింది. నాలుగు నెలల్లో ఆ పెట్టెకు వచ్చిన మొట్టమొదటి ఉత్తరం. వదిన రాత.

“అయ్యా, మీరు వచ్చేటప్పుడు పలకరించలేదు, పోయేటప్పుడూ చెప్పలేదు. సగం రొట్టె తీసి ఉంచాను, ఎక్కువ మాడనిది. పిల్లి మీ మెట్ల మీదే కూర్చుంటోంది.”

నాలుగు తప్పులున్నాయి. ఇలాంటి ఉత్తరం తను ఏ జన్మకూ రాయలేనని డిక్షనరీకి తెలిసింది. తెలిసి, మళ్ళీ కుళ్ళుకుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి వదిన వంటింట్లో గట్టు తుడుస్తోంది.

“పెట్టె ఎప్పుడు సర్దుకుంటావు వదినా? చలి బట్టలు కొనాలి కదా” అంటూ డిక్షనరీ లోపలికి వచ్చేసింది.

వదిన తల ఎత్తలేదు. గట్టు తుడుస్తూనే ఉంది.

డిక్షనరీ జేబులోని కాగితం తడుముకుంది. తర్వాత వెనక్కి నడిచి గుమ్మం దాటి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడి, “బోంజూర్” అంది.

వదిన గుడ్డ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, అప్పుడు ఇటు తిరిగింది.