రెబెక్కమ్మకు పులుపు తగిలిన రోజు

మా ఇంటామె రెబెక్కమ్మకు జ్వరం వచ్చింది, తగ్గింది. నోటికి రుచీ, ముక్కుకు వాసనా మాత్రం తిరిగి రాలేదు. ఎండాకాలం పోయింది, వానలు పడినాయి, నాట్లు కూడా అయినాయి. ఇంకా రాలేదు. కాఫీ ఇస్తే వేణ్ణీళ్ళన్నది. మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టుకొని కాసేపు చూసి, పక్కింటి పిల్లకు ఇచ్చేసింది.

మాది తోటపల్లి గూడూరు పక్క పల్లె. కొంచెం వరి, ఒక రొయ్యల గుంట. మా చర్చిలో కోత పండుగ వచ్చిందంటే చేపల పులుసు దాకల దగ్గర నిలబడేది రెబెక్కే. గరిటె పెట్టి తిప్పదు. దాకను గుడ్డతో పట్టుకొని ఊపుతుంది, ముక్క చెదరదు. ఈసారి చెయ్యనని పాస్టరు గారికి చెప్పేసింది.

"కళ్ళు లేనిదాన్ని సూదిలో దారం ఎక్కియ్యమంటే ఎట్టయ్యగారూ" అన్నది.

ఇంట్లో వండేటప్పుడు గరిటెలో పులుసు ఊది నా నోటికి అందించి నా మొహం చూసేది. నేను బాగుందనేవాణ్ణి. పెళ్ళయిన కాడినుంచీ నేను అనేది అదే.

"నిన్ను అడిగినా ఒకటే, ఆ రొయ్యల గుంటను అడిగినా ఒకటే" అని గరిటె విసిరికొట్టింది ఒకరోజు. తను పోయి ఒక మూల కూర్చుంది. ఇంక నా చెయ్యి పోయినట్టే అన్నది.

నెల్లూరు డాక్టరు మందు రాయలేదు. "దానంతట అదే రావాల. తెలిసిన తిండే కాకుండా కొత్త కొత్తవి పెడతా ఉండండి, ఏదో ఒకటి తగులుతుంది" అన్నాడు. ఆ మాట నాలో పడి ఉండిపోయింది. మా పల్లెలో కొత్త తిండి యాడ దొరకతాది?

పట్టపుపాళెం మస్తాన్ పీతలు వ్యానులో వేసుకొని వారం వారం మద్రాసు పోతాడు. వాడికి చెప్పినా.

"అన్నా, ఆ ఊళ్ళో లేని తిండి లేదు" అన్నాడు. "ఒక వీధిలో మార్వాడీ తిండి, ఇంకో వీధిలో బర్మా తిండి, ఆ పక్కన మలబారోళ్ళది. పీతలు దించేసినాక నాకేం పని. వదిన్ని తీసుకొని రా."

రెబెక్క రానంది. "రుచి తెలీనోళ్ళకు మద్రాసైతే ఏంది, మనుబోలైతే ఏంది" అన్నది. అని, క్రిస్మస్ చీర కట్టుకుంది. నేను చూసి కూడా ఏమీ అనలేదు. అంటే విప్పేస్తుంది.

వ్యాను ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కొని కూర్చున్నాం. సూళ్ళూరుపేట దాటేసరికే నాకు ఆకలి మొదలైంది. నేను పెళ్ళిళ్ళలో తప్ప బయట తిన్నవాణ్ణి కాదు. ఎందుకో చిన్నపిల్లోడు తిరణాలకు పోయినట్టుంది నాకు.

పీతలు దించి, చేతులు కడుక్కొని, మొదట ఒక టిఫిన్ హోటల్లో దిగినాం. పొంగల్ తెచ్చి అరిటాకులో వేస్తే నెయ్యి అంచుల దాకా పాకింది. మిరియాలు పంటికింద పగిలితే నాకు చెవులు వేడెక్కినాయి. రెబెక్క కళ్ళు మూసుకొని ప్రార్థన చేసి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మేమిద్దరం తినడం ఆపి చూస్తున్నాం.

"మెత్తగా ఉంది" అన్నది.

"అదన్నా తెలిసింది" అన్నాడు మస్తాన్.

అక్కణ్ణుంచి మార్వాడీల వీధి. బాణలిలో కచోరీలు నూనె మీద తేలతా గుండ్రంగా ఉబ్బుతున్నాయి. అంగడాయన ఒకటి బొటనవేలితో పొడిచి, లోపల తియ్యటి పచ్చడీ కారపు పచ్చడీ పోసి ఇచ్చినాడు. ఒకే ముద్దలో తీపి ముందు వచ్చి కారం వెనక వచ్చింది. ఇట్లాంటిది ఒకటి ఈ లోకంలో ఉందని ఇన్నేళ్ళూ నాకు తెలియలా. నేను రెండోది కూడా తిన్నా. రెబెక్క కరకరమంటుందన్నది.

ఆ తర్వాత ఓడరేవు దగ్గర బర్మా బండి. సేమ్యాలాంటి లావు పోగుల్లో క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు రసం వేసి బండాయన చేత్తోనే కలుపుతున్నాడు. పక్కన అరటి దూట పులుసు పొగలు కక్కుతా ఉంది. రెబెక్క తినడం కంటే ఆయన చెయ్యి చూడడంలో పడింది.

"బాగా తిరిగిన చెయ్యి" అన్నది. గిన్నె కింద పెట్టేసింది.

మస్తాన్ నన్ను పక్కకు లాగి, "వదిన మొహం వాడిపోతా ఉందన్నా, ఇంక ఇంటికి పోదామా" అన్నాడు. "ఇంకొకటి" అన్నా నేను.

ఆ ఇంకొకటి మలబారు హోటలు. తలుపు తియ్యగానే గుప్పున కొబ్బరి నూనె వాసన. మన ఆడోళ్ళు జడ వేసుకునే నూనె. మస్తాన్ నోరు తెరవబోతే కాలు తొక్కినా. రెబెక్క ఏం తెలియనట్టే పోయి కూర్చుంది. తెలియలేదు కాబట్టే అట్లా కూర్చుందని నాకు అర్థమైంది.

ఉదయం నుంచీ ప్రతి చోటా ప్రార్థన చేస్తానే ఉంది. ఇక్కడ ఒక్క మాటతో అయిపోయింది. "చాలు ప్రభువా, పెట్టింది తింటా" అన్నది.

లావు బియ్యపు అన్నం తెచ్చినారు. మట్టి చట్టిలో ఎర్రటి చేపల కూర. అందులో ముక్కల మధ్య నల్లగా, ముడతలు పడి రెండు తునకలు కనిపించినాయి. రెబెక్క వాళ్ళమ్మ పచ్చిచేపల పులుసులో రుచికని ఒకటి రెండు ఎండుచేప ముక్కలు వేసేది. అత్తగారింటికి పోయినప్పుడల్లా అవి రెబెక్కకే. అది గుర్తొచ్చి, ఆ రెండు తునకలూ ఏరి ఆమె అన్నంలో వేసినా.

"ఎండుచేప. నువ్వు తిను" అన్నా.

రెండూ ఒకేసారి నోట్లో పెట్టుకొని నమిలింది.

ముందు దవడ ఆగిపోయింది. తర్వాత ఎడమ కన్ను మూసుకుపోయింది. భుజాలు చెవుల దాకా లేచినాయి. బల్ల అంచు పట్టుకుంది. వడ్డించేవాడు చూసి పరిగెత్తుకొచ్చి అరవంలో ఏదో చెప్పినాడు.

"వదినా, అది చేప కాదంట" అన్నాడు మస్తాన్. "ఏదో ఎండబెట్టిన పుల్లటి కాయ, వీళ్ళు చింతపండుకు బదులు వేసేదంట. కరివేపాకు తీసేసినట్టు తీసి పక్కన పెట్టాలంట. ఊసెయ్యి."

రెబెక్క ఊయలేదు. నాకేసి తిరిగింది.

"పుల్లగా ఉందయ్యా" అన్నది మెల్లిగా.

మళ్ళీ నమిలింది.

"ఇంకా పుల్లగా ఉంది." ఇంకో నములు. "వగరు కూడా."

మింగేసింది. చట్టి దగ్గరకు లాక్కొని వంగి, ముక్కు ఎగబీల్చింది. ఇంకోసారి ఎగబీల్చింది.

"ఏందిది? తలకు పెట్టుకునే నూనెతో వండినారా చేపని?"

మస్తాన్ బల్ల మీద అరచేత్తో కొట్టినాడు. నీళ్ళ గ్లాసు దొర్లింది. పక్క బల్లోళ్ళు తిరిగి చూసినారు. ఆ కూర మీద అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పి ఉండరు.

అక్కణ్ణుంచి ఆమెను పట్టడం మావల్ల కాలేదు. తన ఆకులోది, నా ఆకులోది, మస్తాన్ ఆకులోది అన్నీ వేలితో తీసి నాకి చూసింది. పాయసం తీపి కొంచెమే తెలుస్తుందన్నది. మెంతులు వేసినారన్నది. పండుగ పులుసు తనే చేస్తానని పాస్టరు గారికి ఫోను చెయ్యాలన్నది. ఉన్నట్టుండి నా మీద పడింది.

"మొన్న ఆదివారం పులుసు బాగుందన్నావే. నిజం చెప్పు, ఎట్లుండింది?"

"ఉప్పెక్కువ."

"ఎంత?"

"చానా."

"మరి దాకంతా ఊడ్చి తిన్నావు కదయ్యా."

నేను అన్నం కలుపుకున్నా. ఆమె నన్ను కాసేపు చూసి, "ఇంకేం తిండి ఉంది మస్తానూ ఈ ఊళ్ళో?" అన్నది.

"ఇప్పుడే కదా వదినా తినింది."

"అది వీళ్ళ తిండి. ఇంకోళ్ళది చూపియ్యి."

పెద్దాసుపత్రుల సందుల్లో బెంగాలీ మెస్సులుండాయి, వైద్యానికి వచ్చినోళ్ళ కోసం పెట్టినవి. అందులో ఒకదానికి తీసుకపోయినాడు. అరిటాకు పొట్లంలో ఆవిరికి ఉడికిన చేప తెచ్చి పెట్టినారు. దారం తెంపి ఆకు విప్పగానే పసుప్పచ్చటి ముద్దలోంచి పొగ వచ్చింది. నోట్లో పెట్టకముందే రెబెక్క, "ఆవాలు. నూరినవి. నూనె కూడా ఆవాలదే" అన్నది. ఉదయం నుంచీ అంత గట్టిగా మాట్లాడలేదు.

వండినామె లోపలినుంచి వచ్చింది. ఈమెకు బెంగాలీ రాదు, ఆమెకు తెలుగు రాదు. మా ఆమె చేత్తో రోలు నూరినట్టు చూపిస్తే, ఆమె కాదని బల్ల మీద అడ్డంగా రాయి నడిపినట్టు చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె లోపలికి పోయి, ఆవాల ముద్ద గిన్నెలో తెచ్చి రెబెక్క అరచేతిలో ఇంత పెట్టింది.

రెబెక్క వేలితో తీసి నాలుకకు రాసుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారకట్టినాయి. తుడుచుకోలేదు. ఆ అరచెయ్యి నా మూతి దగ్గర పెట్టి, "నువ్వూ చూడు" అన్నది.

చూసినా. ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది.

"ఎట్లుందయ్యా?"

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. అరచేతిలో మిగిలింది తనే నాకి, ఇంకొంచెం పెట్టమని ఆ బెంగాలీ ఆమె ముందు చెయ్యి చాపింది.