చీలిచెవి అడుగులు

పొద్దున్నే మేకలను దొడ్లోంచి వదలడం, పుల్లటి పాలు చిలకడం, వాకిలి ఊడవడం. కజాపువా దినచర్య అది. మిగతా పనులు ఎలా చేసినా, ఊడవడం మాత్రం పళ్ళు కొరుకుతూ చేసేది. వాకిట్లో మొగుడి అడుగులు కనబడేవి మరి.

మా ఇసుకలో అంతే. ఎవరు ఎటు నడిచినా, అడుగు మనసున్న వైపుకే తిరిగి పడుతుంది. ఆమె మొగుడు ముహెంజె ఇంటికి నడిచొచ్చినా, వేళ్ళన్నీ కొండ వైపే ఉండేవి. ఆ కొండలో చీలిచెవి అనే ఆడ ఖడ్గమృగం ఉంది. మా ఊళ్ళన్నీ కలిసి పెట్టుకున్న అడవి సంఘంలో కాపలాదారులు ఇంకా ఉన్నా, దాని వెంట తిరిగేది అతనే. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళిచ్చే డబ్బుతోనే మా బోరుబావి నడుస్తోంది.

"ఇంటికొస్తూ కూడా దాని ధ్యాసేనా?" అంది కజాపువా చీపురు చూపిస్తూ.

"దూడను వేసిందే. కంగారుండదా?"

"ఓహో! బిడ్డను కూడా కన్నదీ!"

పక్కింటి ఎర్నెస్టీనా కంచె అవతలినుంచి నవ్వింది. "పోనీలే వదినా. మా ఆయన అడుగులు సారాకొట్టు వైపుంటాయి. నీ సవతి కనీసం గడ్డి తింటుంది."

కజాపువాకు నవ్వు రాలేదు. కొండ కనబడకుండా ఆ వైపు గోనెపట్టా కట్టింది. చీలిచెవి ఎలా ఉందని ఎవరైనా అడిగితే వినబడనట్టు కుండలు దడదడా సర్దేది.

ఒకరోజు ముహెంజె సంఘం సమావేశానికని పట్నం వెళ్ళాడు. ఎండెక్కాక ఇద్దరు మనుషులు బండి దిగి, మేకలు కొంటామన్నారు. మేకల పళ్ళు చూశారు, వీపులు నొక్కారు.

"ఇంటాయన లేడా అక్కా?"

"పట్నం వెళ్ళాడు. రేపొస్తాడు."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏటి అవతల మందలు కూడా చూసొస్తామని బండెక్కి వెళ్ళిపోయారు.

కజాపువా అలవాటుగా చీపురు అందుకుంది. వాళ్ళు మేకల చుట్టూ తిరిగారు గాని, బూటు గుర్తుల్లో ఒక్కటైనా మేకల వైపు లేదు. అన్నీ కొండ వైపే.

వీళ్ళు చీలిచెవి కొమ్ము కోసం వచ్చారని ఆమెకు అర్థమైంది. ఇక ఊరుకుంటే చాలు, పీడ విరగడవుతుంది. తను ఎవరికీ ఏమీ చెప్పినట్టూ ఉండదు, చేసినట్టూ ఉండదు. ఒక బూటు గుర్తును తుడిచేసింది. రెండోదాని మీద చీపురు ఆనించి, ఎందుకో వెనక్కి చూసింది.

గుడిసె నుంచి దొడ్డిదాకా తన అడుగులే. ఒట్టి కాళ్ళ గుర్తులు. ఒక్కటి కూడా దొడ్డి వైపు లేదు. అన్నీ కొండకేసి తిరిగి ఉన్నాయి.

ఇన్నాళ్ళూ మొగుడి అడుగులే ఊడుస్తున్నాననుకుంది.

'అది లేకపోతే నా అడుగులు ఎటు తిరగాలి?' అనుకుంది. చీపురు పారేసి, "ఎర్నెస్టీనా! మగవాళ్ళను పిలువు!" అని అరుస్తూ ఖాళీ డీజిల్ పీపా మీద రోకలితో బాదింది. ఆ చప్పుడు ఏరు దాటి కొండకు తగిలింది. మిగతా కాపలాదారులు గాడిదలెక్కి వచ్చి అడ్డంపడి, ఏటి మలుపులో బండిని ఆపారు. గడ్డి మూటల కింద తుపాకులు దొరికాయి. చీలిచెవి ఆ మధ్యాహ్నం దూడకు పాలిచ్చి పడుకుందట.

ముహెంజె తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రం పెళ్ళాన్ని కొండకు తీసుకెళ్ళాడు. ఊట దగ్గర ఇసుకలో వెడల్పాటి అడుగులు, పక్కన బుల్లి అడుగులు. తల్లీబిడ్డలు నీళ్ళకు నడిచారు గాని, పెద్ద అడుగుల వేళ్ళు మాత్రం నీళ్ళ వైపు లేవు.

"చూడు, మనింటి వైపు," అన్నాడు ముహెంజె. "పొద్దున ఇది నడిచినప్పుడు నేను ఇక్కడే పొద చాటున ఉన్నాను. ఇంట్లో ఉన్నది నువ్వే." అతని గొంతులో ఉక్రోషం వినబడింది. "ఇన్నేళ్ళు దీని వెనక ఎండలో మాడాను. ఒక్క అడుగు నా వైపు తిప్పిందా? ఏం పెట్టావే దీనికి?"

కజాపువా ఆ పెద్ద అడుగు పక్కన తన పాదం ఆనించి చూసుకుంది.

"ఆడవాళ్ళ సంగతులు నీకెందుకయ్యా," అంది.

తిరుగుదారిలో ఆమె ముందు, అతను వెనక. అతను దారంతా మూతి ముడుచుకునే ఉన్నాడు. వాకిట్లోకి వచ్చాక ఆమె వెనక్కి తిరిగి చూసింది. ముహెంజె అడుగుల్లో ఒక్కటీ కొండ వైపు లేదు, వేళ్ళన్నీ తన వైపే ఉన్నాయి.

మర్నాడు కజాపువా వాకిలి ఊడవలేదు.